సంపాదకుని మాట: ఎముకల్లో మిగిలిన రోగాలు

1910లో మార్క్ ఆర్మాండ్ రఫర్ అనే వైద్యుడు ఈజిప్టు మమ్మీల మూత్రపిండాలను పరీక్షకు పెట్టాడు. మూడు వేల ఏళ్లుగా ఎండి బిగుసుకుపోయిన కణజాలమది. ఆల్కహాలు, సోడియం కార్బనేటు కలిపిన నీళ్లలో నానబెట్టి, మెత్తబడ్డాక పల్చగా కోసి మైక్రోస్కోపు కింద చూస్తే, గట్టిపడిన బిల్హార్జియా పురుగు గుడ్లు కనిపించాయి. ఆ పురుగు తెచ్చే జబ్బే రఫర్ కాలంలోనూ నైలు రైతులను పీడిస్తుండేది! ప్రాచీన రోగాల అధ్యయనానికి గట్టి పునాది వేసిన పని ఇదేనని మా అభిప్రాయం.

మన దేశానికొస్తే, ఉదయపూర్ దగ్గరి బాలాథల్‌లో దొరికిన నాలుగు వేల ఏళ్ల నాటి అస్థిపంజరంలో ముక్కు రంధ్రం అంచులు అరిగిపోయి ఉన్నాయి. అది కుష్ఠు ఆనవాలని 2009లో పరిశోధకులు ప్రకటించారు.

అయితే ఎముక అన్నీ చెప్పదు. కలరా వంటిది రెండు రోజుల్లో ప్రాణం తీస్తే ఎముక మీద గీత కూడా పడదు. మచ్చలున్న ఎముక, రోగంతో కొన్నాళ్లు నెగ్గుకొచ్చిన మనిషిది. అందుకే నున్నని ఎముకను చూసి ఆరోగ్యవంతుడని తీర్పు చెప్పడం తొందరపాటే. ఈ లోటును కొంత డీఎన్ఏ తీర్చింది: 14వ శతాబ్దపు లండన్ ప్లేగు మృతుల పళ్ల నుంచి ఆ సూక్ష్మజీవి జన్యుపటాన్ని 2011లో రాబట్టారు.

పాఠకులకో విన్నపం. ఇలాంటి ఆనవాళ్లు చెడిపోకుండా, మన ఊళ్ల రాక్షసగుళ్ల (పురాతన రాతి సమాధుల) దగ్గర, పొలం దున్నేటప్పుడు ఎముకలు బయటపడితే కడగకండి, కదపకండి. పురావస్తు శాఖకు కబురు చేయండి.