ఒక్క పైరు మీద ఎన్నాళ్లు?

పొద్దుటూరు, జమ్మలమడుగు పక్క నల్లరేగడిలో రబీ వస్తే యాడ జూసినా పప్పుశనగే. పులివెందులలో చీనీ, అరిటి. గాలివాన కొడితే అరిటి ఒక్క రాత్రిలో నేలకు పడతాది. శనగకైతే దెబ్బ ఢిల్లీ నుంచి వస్తాది. 2024 మేలో కేంద్రం దేశవాళీ శనగ మీద దిగుమతి సుంకం ఎత్తేసింది. మళ్లా 10 శాతం ఏసింది 2025 ఏప్రిల్‌లో, మన పంట కల్లాలు దాటినాక!

మునుపు జొన్న, కొర్ర, ధనియాలు, కంది సాళ్లు కలిపి ఏసేవాళ్లు. ఒకటి పోతే ఇంకోటి కూడు పెట్టేది. ఆ తెలివి రైతుకు ఇప్పుడూ ఉంది. కొర్రకు శనగ మాదిరి కొనేవాళ్లు యాడున్నారు? కౌలు ముందే కట్టినోడు నాలుగు రకాలు ఎట్ల ఏస్తాడు? అధికారులూ, పంట మార్చమనే ముందు కొర్రకు, జొన్నకు కొనుగోలు కేంద్రం యాడ పెడతారో చెప్పండి.