నీళ్లుంటేనే షికారు

ఆదివారం పూట నెల్లూరులో నలుగురు కుర్రాళ్లు ఒకచోట చేరితే మొదటి ప్రశ్న ‘యాడికి పోదాం మామా?’. జవాబు అప్పటికే తయారుగా ఉంటుంది... ‘మైపాడుకే!’. రెండు బైకులు, నలుగురు మనుషులు, దారిలో రెండు బిర్యానీ పొట్లాలు. పాతిక కిలోమీటర్లు పోతే సముద్రం. పొద్దుగూకేసరికి ఇల్లు. పై వారమూ అంతే. ఊళ్లో ఇంకేమీ లేదా అని అడిగితే ‘ఏముందబ్బా, సినిమాలు తప్ప!’ అంటారు.

అది నిజం కాదు. నెల్లూరు చుట్టుపక్కల చూడాల్సినవీ, వినాల్సినవీ చాలానే ఉన్నాయి. కాకపోతే ఓ తిరకాసుంది. వాటిలో చాలామటుకు ఆదివారాన్ని బట్టి కాదు, నీళ్లను బట్టి నడుస్తాయి. చెరువులో నీళ్లుండాలి, పెన్నలో నీళ్లుండాలి, పులికాట్‌లోకి సముద్రం రావాలి. ఏ నెలలో ఏ నీళ్లుంటాయో తెలిసినవాడికి ఏడాది పొడవునా షికారే. తెలియనివాడికి మైపాడు ఒక్కటే.

పోనీ, మైపాడు గురించైనా తెలుసా అంటే అదీ అనుమానమే. అక్కడ స్నానానికి దిగి ప్రాణాలు పోగొట్టుకున్న విద్యార్థుల వార్తలు పత్రికల్లో ఎన్నిసార్లు వచ్చాయో లెక్కలేదు. వాళ్లలో అందరూ ఈత రానివాళ్లేం కాదు. ఒడ్డుకు కొట్టిన అలల నీరంతా ఎక్కడో ఓ చోట సన్నని దారి చేసుకుని సముద్రంలోకి తిరిగి పోతుంటుంది. పైకి చూస్తే అటూఇటూ అలలు విరుగుతుంటాయి, మధ్యలో నురగ లేకుండా ఆ చోటు మాత్రం నెమ్మదిగా కనిపిస్తుంది. ‘ఇక్కడ బాగుంది రా’ అని పిల్లలు దిగేది సరిగ్గా అక్కడే! లాగేసే నీటికి ఎదురీదితే ఎంతటివాడైనా అలిసిపోతాడు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదితే ఆ లాగుడు నుంచి బయటపడొచ్చు. కార్తీక పౌర్ణమికి వేలమంది సముద్ర స్నానాలకు వస్తారు. సముద్రం పోటు మీదుండేది కూడా ఆ ఈశాన్య రుతుపవనాల రోజుల్లోనే. దిగేముందు ఒడ్డున వల బాగుచేసుకుంటున్న పెద్దాయన్ను ‘తాతా, ఈ పక్క దిగొచ్చా?’ అని ఒక్క మాట అడిగితే పోయేదేముంది?

అదే ఇందుకూరుపేట మండలంలో, పెన్న ఒడ్డున, పల్లిపాడు ఉంది. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ స్వయంగా వచ్చి పినాకిని సత్యాగ్రహ ఆశ్రమాన్ని ప్రారంభించిన ఊరది. సబర్మతిని చూడ్డానికి గుజరాత్ దాకా రైలెక్కిన నెల్లూరు వాళ్లున్నారు గానీ, పక్కనే ఉన్న పల్లిపాడు గేటు దాటని వాళ్లు అంతకన్నా ఎక్కువే ఉంటారు. ఈ ఆశ్రమం నిలబడటానికి అండగా నిలిచిన పొణకా కనకమ్మ నెల్లూరులో ఆడపిల్లల చదువు కోసం 1923లో కస్తూరిదేవి విద్యాలయం పెట్టారు. నగరంలో రోజూ ఆ దారిన బస్సెక్కే అమ్మాయిలకు ఆవిడ పేరు వెనకున్న కథ తెలిస్తే, పల్లిపాడుకు ఓ ఆదివారం దానంతటదే దొరుకుతుంది.

నీళ్లతో పనిలేని చోటు ఊరి మధ్యలోనే ఉంది... టౌన్‌హాలు. పురమందిరం అని పెద్దలు పిలుచుకునే ఆ మందిరంలోనూ, కస్తూర్బా కళాక్షేత్రంలోనూ నాటకాలు, పద్యాలు, పాటలు, పుస్తకావిష్కరణలు జరుగుతూనే ఉంటాయి. టికెట్టుండదు. ముందు వరుసల్లో నెరిసిన తలలే ఎక్కువ. ఇందులో తప్పు పిల్లలదొక్కటే కాదులెండి. ఆరింటికని కార్డు వేసి ఏడింటికి దీపం వెలిగించి, ఎనిమిదింటిదాకా వక్తల్ని వేదిక మీదికి పిలుస్తూ కూర్చుంటే ఇరవయ్యేళ్లవాడు ఎందుకాగుతాడు? అయితే ఒక్క సంగతి. 1946లో పుట్టిన ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం చెవిన పాట పడింది ఇలాంటి సభల్లోనే. నాన్న సాంబమూర్తి హరికథా విద్వాంసుడు. నెల్లూరు తిప్పరాజువారి వీధిలోని తమ ఇంటిని బాలు 2020 ఫిబ్రవరిలో కంచి పీఠానికి వేద పాఠశాల కోసం ఇచ్చేశారు. అదే ఏడాది సెప్టెంబరులో ఆయన పాట ఆగిపోయింది.

ఇక అసలు సిసలు నెల్లూరు ముచ్చట చెరువు గట్టున జరుగుతుంది. స్వర్ణాల చెరువంటే మన నెల్లూరు చెరువే. ఒడ్డున బారాషహీద్ దర్గా. పన్నెండు మంది వీరుల సమాధులు కాబట్టి ఆ పేరు. ఏటా మొహర్రం నెలలో ఇక్కడ ఐదు రోజులు రొట్టెల పండగ. 2015లో ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండగగా ప్రకటించింది. ఆర్కాటు నవాబు భార్యకు జబ్బు చేస్తే, చెరువులో బట్టలుతికే దంపతులకు ఈ వీరులు కలలో కనిపించి, సమాధుల దగ్గరి మట్టి నుదుట రాస్తే తగ్గుతుందని చెప్పారట. తగ్గిందట. నవాబు దర్శనానికొచ్చి, తెచ్చిన రొట్టెలు అందరికీ పంచాడట. ఊళ్లో చెప్పుకునే కథ ఇది.

పండగ పద్ధతి మాత్రం లోకంలో ఇంకెక్కడా చూడనట్టు ఉంటుంది. కోరిక ఉన్నవాళ్లు తలమీద గుడ్డ కప్పుకొని చెరువు నీళ్లలో నిలబడతారు. అదే కోరిక అంతకుముందు తీరినవాళ్లు రొట్టెలు పట్టుకుని నీళ్లలోకే వస్తారు. ‘ఉద్యోగం రొట్టె... ఉద్యోగం రొట్టె’, ‘పెళ్లి రొట్టె ఎవరికమ్మా?’ అని వెతుక్కోవడాలు. చదువు రొట్టె, సంతానం రొట్టె, ఆరోగ్యం రొట్టె, ఇల్లు రొట్టె... ఆఖరికి వీసా రొట్టె కూడా ఉంది! ఏ తరం దేనికోసం తపించిందో తెలుసుకోవాలంటే సర్వేలక్కర్లేదు, ఏ రొట్టె ముందు ఎంతమంది మూగారో చూస్తే చాలు. తీసుకునే చెయ్యి, ఇచ్చే చెయ్యి ఏ మతానివని అక్కడ ఎవరూ అడగరు.

ఇందులో దేవుణ్ని అడగడం కన్నా సాటి మనిషిని అడగడం ఎక్కువ. ‘నాకు దొరికింది, నీకూ దొరుకుతుంది’ అని ముక్కూమొహం తెలియని ఒకామె రొట్టె తుంచి ఇస్తుంది. అది తిన్నాక ఓ బాకీ మిగిలిపోతుంది. కోరిక తీరితే మళ్లీ వచ్చి, అదే రొట్టె ఇంకొకరికివ్వాలి. నెల్లూరు కుర్రాడికి ఉద్యోగమంటే చెన్నై, బెంగళూరు, హైదరాబాదు. ఊరు విడిచి వెళ్లడానికి తిన్న రొట్టే సెలవు పెట్టించి మళ్లీ ఊరికి లాక్కొస్తుంది. ‘అబ్బయా, మొక్కు బాకీ ఉంది, మర్చిపోబాక’ అని అమ్మ ఫోన్లో గుర్తుచేసిందంటే టికెట్టు తీయాల్సిందే.

ఈ పండగకీ నీళ్ల చిక్కు ఉంది. మొహర్రం చాంద్రమానం ప్రకారం వస్తుంది కాబట్టి ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2005లో ఫిబ్రవరిలో పడిన పండగ 2025లో జులైలో వచ్చింది. ఇంకో మూడు నాలుగేళ్లకు మే నెలలోకి వెళుతుంది. నెల్లూరులో మే అంటే చెప్పాలా! రోహిణీ కార్తె ఎండలో, అడుగంటే చెరువులో లక్షలమంది నిలబడాలి. పైనుంచి పెన్న నీళ్లు రాకపోతే రొట్టె మార్చుకునేది ఎక్కడ?

ఆ పెన్న సంగతి కూడా విచిత్రమే. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే కనిపించే ఏరు, 2021 నవంబరులో పొంగి జాతీయ రహదారినీ, రైలు పట్టాలనూ తెంపేసింది. 2022 సెప్టెంబరులో సంగం, నెల్లూరు బ్యారేజీలు ప్రారంభమయ్యాయి. నీళ్లు నిలిచిన సాయంత్రం రంగనాయకుల గుడి దగ్గర కాసేపు కూర్చుంటే చాలు, గాలి చల్లగా తగులుతుంది. పదమూడో శతాబ్దంలో మనుమసిద్ధి కొలువులో ఉండి, భారతంలో పదిహేను పర్వాలు తెలుగు చేసిన తిక్కన తిరిగిన ఊరిదే. పరీక్షల కోసం ఆయన పేరు బట్టీపట్టిన పిల్లలకు ఆ మాట చెప్పాల్సింది ఏటి ఒడ్డునే.

వానలు వెనకబట్టాక, అంటే డిసెంబరు నుంచి, బండి చెన్నై వైపు తిప్పాలి. గంటన్నర ప్రయాణం. దొరవారిసత్రం దగ్గర హైవే దిగితే నేలపట్టు. 1976 నుంచి పక్షుల రక్షిత కేంద్రం. చెరువు నీళ్లలో మునిగి నిలబడిన కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టుకుని పిల్లల్ని పెంచుతుంటాయి. ఈ పక్షుల్ని కాపాడింది బోర్డులూ కంచెలూ మాత్రమే కాదు. రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి పెడితే పంట బాగా వస్తుందని ఊళ్లోని రైతులకు తెలుసు. పక్షి వాళ్లకు చుట్టం కాదు, ఎరువు! చెరువు నిండని ఏడు పక్షులూ తగ్గుతాయి, ఆ ఎరువూ తగ్గుతుంది.

ఇంకాస్త ముందుకెళితే సూళ్లూరుపేట. అక్కణ్నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు పులికాట్ మధ్యలోంచి వెళుతుంది. దేశంలో చిలకా తర్వాత రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. రోడ్డుకు రెండు పక్కలా, వంచిన మెడలతో రాజహంసలు. ఈ ప్రాంతం 2022లో తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ, నెల్లూరు వాళ్లకు ఇప్పటికీ ‘మన పులికాటే’. 2001లో మొదలైన ఫ్లెమింగో పండగ కొన్నేళ్లు ఆగి 2025 జనవరిలో మళ్లీ జరిగింది. స్టాళ్లు, పాటలు, జనం... సందడికైతే పండగ రోజులే మేలు. పక్షుల కోసమైతే మామూలు రోజున తెల్లవారుజామునే వెళ్లాలి. మైకు మోగేచోట అవి దూరం జరుగుతాయి.

రాజహంసకు మోకాలి లోతు నీళ్లు కావాలి. ముక్కు తలకిందులుగా నీళ్లలో ముంచి, బురదలోని చిన్న చిన్న జీవుల్ని వడకట్టుకుని తింటుంది. లోతైతే కాళ్లు ఆనవు, ఎండితే తిండి ఉండదు. సరస్సుకు ఆ కొలత నిలవాలంటే సముద్రం నుంచి నీళ్లు వస్తూ పోతూ ఉండాలి. రాయదొరువు దగ్గర ముఖద్వారం ఇసుకతో పూడిపోయిందని, తవ్వించమని మత్స్యకారులు ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు. వాళ్లు అడిగేది చేపల కోసం, రొయ్యల కోసం. దారి తెరిస్తే రాజహంసలకూ తిండి దొరుకుతుంది. వేసవిలో అదే రోడ్డు మీద వెళితే రెండు పక్కలా కనిపించేది తెల్లటి ఉప్పు పట్టిన నేలే. నీళ్లు మళ్లీ చూడాలంటే ఈశాన్య వానలదాకా ఆగాలి.