నోరు విప్పించే పంతులుగారు

పిల్లలూ! ఫ్రాన్సు దేశపు బడులలో ఇంగ్లీషు ఉపాధ్యాయుడికి తోడుగా, ఇంగ్లీషు మాట్లాడే దేశాలనుంచి వచ్చిన యువతీయువకులు పనిచేస్తారు. వారానికి 12 గంటల పని. మార్కులు వెయ్యడం కాదు, పిల్లల చేత మాట్లాడించడం!

చేరిన కొత్తలో ఇది కష్టమే. ఫ్రెంచి భాషలో "హ" శబ్దం లేదు. "హౌస్" అనమంటే పిల్లలు "ఔస్" అంటారు. ఎవరైనా నవ్వారో, ఇక నోరు విప్పరు. అప్పుడేం చేయాలి? తానే ఒక ఫ్రెంచి మాట పలికి చూడాలి. ఫ్రెంచి "ర" గొంతులోంచి రావాలి. కొత్తవారికి చప్పున పట్టుబడదు. పిల్లలు ఉత్సాహంగా దిద్దుతారు. ఆ తరవాత తమ తప్పులకు సిగ్గుపడరు.

మీరూ తప్పు పలికినవాణ్ణి చూసి నవ్వకండి. పెద్దలారా! పిల్లవాడు మాట్లాడుతుండగా మధ్యలో దిద్దకండి. ముందు పూర్తిగా చెప్పనివ్వండి.