ప్లైవుడ్ షీటుకు ఒకే పేరు కావాలి

హైదరాబాద్: "పద్దెనిమిది కమర్షియల్, ఇరవై షీట్లు" — పాతబస్తీ కలప అడితీలలో ఆర్డరు యీ నాలుగు మాటలతో అయిపోతుంది. సేఠ్‌కూ మిస్త్రీకీ ముఖపరిచయం వున్నంతకాలం యిందులో యిబ్బంది లేదు. కాని అల్మారాలు, కిచెన్ కేబినెట్లు తయారుచేసే కార్ఖానాలలో యిప్పుడు కోత కొలతలను కంప్యూటర్ లెక్కకడుతున్నది. పేరులో లేని సంగతి దానికి తెలియదు.

"కమర్షియల్" అన్నది బజారు మాట. ఐఎస్ 303 ప్రమాణం కింద ఎంఆర్, బిడబ్ల్యుఆర్ గ్రేడులు వున్నాయి. మెరైన్ ప్లైవుడ్‌కు ఐఎస్ 710. మెరైన్ రకం 72 గంటలు మరిగే నీటిని తట్టుకోవాలి. ఎంఆర్‌కు మరిగించే పరీక్షే లేదు. బిల్లుమీద "వాటర్‌ప్రూఫ్" అని మాత్రమే రాస్తే బిడబ్ల్యుఆర్ అనుకోవాలా, 710 అనుకోవాలా? ధరలో తేడా వర్తకులకు చెప్పనక్కరలేదు.

మందం విషయం మరింత చిక్కు. 600 మిల్లీమీటర్ల వెడల్పు పెట్టెకు రెండు పక్కపలకలకు 18 చొప్పున 36 తీసివేసి, మధ్య అడుగుపలకను 564కు కంప్యూటర్ కోయిస్తుంది. వచ్చిన షీటు 19 అయితే పెట్టె 602 అవుతుంది. అటువంటివి 5 వరుసగా నిలిపితే 10 మిల్లీమీటర్లు పెరిగి చివరిది గోడకు పట్టదు. నష్టం కార్ఖానాదారుది, తగాదా అడితీది.

జిఎస్‌టి బిల్లులో 4412 అంకె వున్నది కదా అనవచ్చు. అది పన్ను కోసం. గ్రేడు, మందం చెప్పదు. మిల్లు పేరుతో సరిపెట్టడమూ కుదరదు. యమునానగర్ సరుకు అయిపోయి పెరుంబావూరు సరుకు దిగితే ఆ పేరే మారిపోతుంది.

గుంటూరు మిర్చి యార్డులో "334" అంటే బస్తా విప్పకముందే ఏ రకమో యిరుపక్షాలకూ తెలుస్తుంది. ప్లైవుడ్‌కూ అటువంటి గుర్తు కావాలి. ముందు సరుకు, తరువాత ప్రమాణం, గ్రేడు, మందం, పైముఖం, సైజు — యీ వరుస మారరాదు. ఉదాహరణకు: ప్లై-303-ఎంఆర్-18-గర్జన్-8x4. నార కనిపించే షీటును అడ్డంగా తిప్పి కోయరాదు కనుక పైముఖం రాయడం అవసరం. 6 మందాన్ని 06 అని రాయాలి. లేకుంటే కంప్యూటర్ పట్టీలో 12, 18ల తరువాత 6 వస్తుంది.

మిల్లు పేరు, ధర వేరే గడిలో వుండాలి. ధర మారినా కోడ్ మారరాదు. లాటు దిగగానే మందం కొలవాలి. తేడా వుంటే కొత్త కోడ్ యివ్వాలి. పాత కోడ్‌నే కొత్త సరుకుకు అంటగడితే, నిరుటి ఆర్డరును మళ్లీ తీసినప్పుడు కోత తప్పుతుంది.

యింత వివరంగా రాస్తే క్లెయిములు పెరుగుతాయని కొందరి భయం. 16 షీటును 18గా అమ్మేవారికి ఆ భయం సహజమే. సరైన సరుకు యిచ్చేవారికి మాత్రం ఆ కోడే సాక్ష్యం. ఒక్కొక్క కార్ఖానా తనకు తోచిన పేర్లు పెట్టుకోకముందే అడితీదార్లు, బ్రోకర్లు కూర్చుని ఒకే పట్టీని ఖాయం చేసుకోవడం మేలు.