పెద్ద ప్లేయర్ అయితేనే పెద్ద కోచా?

ఏ టీమ్‌కి కొత్త కోచ్ వచ్చినా మన వాళ్లు ముందు అడిగేది ఒకటే: "ఇంతకీ ఈయన ఎన్ని మ్యాచ్‌లు ఆడాడు?" 2023లో అమోల్ మజుందార్‌ని మన మహిళల క్రికెట్ జట్టుకి హెడ్ కోచ్‌గా వేసినప్పుడు ఈ ప్రశ్నకి జవాబు, ఇండియా తరఫున సున్నా. ఫస్ట్‌క్లాస్‌లో 11 వేలకు పైగా పరుగులు, రంజీ మొదటి మ్యాచ్‌లోనే 260. అయినా ఇండియా క్యాప్ రాలేదు. 1988లో సచిన్, కాంబ్లీ స్కూల్ మ్యాచ్‌లో 664 పరుగుల పార్ట్‌నర్‌షిప్ కొడుతుంటే, ప్యాడ్లు కట్టుకుని తన టర్న్ కోసం కూర్చుండిపోయిన కుర్రాడు ఈయనే. కెరీర్ చివర్లో మన ఆంధ్ర జట్టుకీ ఆడాడు.

2025 నవంబర్ 2న ఈయన కోచింగ్‌లోనే మన అమ్మాయిలు మొదటిసారి వరల్డ్ కప్ ఎత్తారు. మన కడప అమ్మాయి శ్రీ చరణి ఉన్న టీమ్ అది. లీగ్‌లో వరసగా మూడు మ్యాచ్‌లు ఓడి, సెమీస్‌లో ఆస్ట్రేలియా మీద 339 టార్గెట్ కొట్టి మరీ ఫైనల్‌కి వెళ్లారు.

ఇంకా వెనక్కి వెళ్దాం. సచిన్‌ని తయారు చేసిన రమాకాంత్ ఆచ్రేకర్ సర్ ఆడిన ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లు ఎన్నో తెలుసా? ఒక్కటి. అది కూడా స్టేట్ బ్యాంక్ తరఫున, మొయినుద్దౌలా టోర్నీలో, మన హైదరాబాద్ జట్టు మీద! ప్రాక్టీస్‌లో సచిన్ అలసిపోయాక స్టంప్ మీద రూపాయి బిళ్ల పెట్టేవాడాయన. ఔట్ చేసిన బౌలర్‌కి ఆ బిళ్ల, ఎవరూ ఔట్ చేయలేకపోతే సచిన్‌కి. ఇలాంటి ఐడియా రావడానికి టెస్ట్ సెంచరీలు అక్కర్లేదు. ఎదురుగా ఉన్న పిల్లాడిని సరిగ్గా చదివితే చాలు.

రివర్స్ కేసులూ ఉన్నాయి. గ్రెగ్ చాపెల్ టెస్టుల్లో 24 సెంచరీలు కొట్టిన మహా బ్యాట్స్‌మన్. ఆయన కోచ్‌గా ఉండగా 2007 వరల్డ్ కప్‌లో మనం మొదటి రౌండ్‌లోనే ఇంటికొచ్చేశాం. అదే కప్ గెలిచిన ఆస్ట్రేలియా కోచ్ జాన్ బుకానన్ ఆడింది 7 ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లు.

ఎందుకిలా? మా ఐటీ వాళ్లకి ఇది రోజూ కనిపించేదే. అద్భుతంగా కోడ్ రాసేవాడిని టీమ్ లీడ్ చేస్తారు. ఫ్రెషర్ వెళ్లి డౌట్ అడిగితే, "ఇందులో ఏముంది, చూస్తే తెలుస్తుంది కదా" అంటాడు. పొగరు కాదు, ఆయనకి నిజంగానే చూస్తే తెలుస్తుంది. ఏళ్ల తరబడి చేసి చేసి అది చేతికి అలవాటైపోయింది. మధ్యలో ఎన్ని మెట్లు ఎక్కాడో ఆయనకే గుర్తులేదు. కష్టపడి, ఆగి, ఆలోచించి నేర్చుకున్నవాడికి ఆ మెట్లన్నీ గుర్తుంటాయి.

అలాగని "స్టార్లు కోచింగ్‌కి పనికిరారు" అనేస్తే అదీ తప్పే. మన గోపీచంద్ గారే ఉన్నారు కదా. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచారు. తర్వాత గచ్చిబౌలిలో అకాడమీ పెట్టి లండన్‌లో సైనాకి కాంస్యం, రియోలో సింధుకి రజతం వచ్చేలా చేశారు. రియోకి ముందు నెలల తరబడి సింధు చేతిలోంచి ఫోన్ లాగేసుకున్నారాయన. (మన చేతిలోంచి ఒక్క పూట లాక్కుంటే?) అలాంటి మాట ఆల్ ఇంగ్లండ్ ఛాంపియన్ చెబితే ఎదురు ప్రశ్న ఉండదు. పెద్ద ఫైనల్ ముందు రాత్రి కడుపులో ఎలా ఉంటుందో కూడా ఆయనకి తెలుసు. ఇవి చిన్న విషయాలు కావు. కానీ గోపీచంద్‌కి కోచింగ్ ఇచ్చిన ఎస్‌.ఎం. ఆరిఫ్ సర్ ఆల్ ఇంగ్లండ్ ఛాంపియన్ కాదు!

ఇక్కడ ఒక లాజిక్ పట్టించుకోవాలి. పేరు లేని ప్లేయర్‌కి పెద్ద టీమ్ కోచ్ పోస్ట్ ఊరికే రాదు. కింది స్థాయిలో ఏళ్ల తరబడి రిజల్ట్స్ చూపించి, పది ఫిల్టర్లు దాటుకుని రావాలి. స్టార్‌కి మాత్రం పేరు చూసి మొదటి తలుపు తెరుచుకుంటుంది. అందుకే పైకి వచ్చిన పేరులేని కోచ్‌లు అంత బాగా కనిపిస్తారు. బాగాలేని వాళ్లు మన కంటి దాకా రాలేదు. కాబట్టి ఆడకపోవడం క్వాలిఫికేషన్ కాదు. ఆడటం కూడా సగం క్వాలిఫికేషనే. నేర్పడం అనేది వేరే స్కిల్. దాన్ని విడిగా చూడాలి, విడిగా కొలవాలి.

మీ తమ్ముడినో చెల్లినో అకాడమీలో చేర్పించేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి. ఫ్లెక్సీ మీద ఫొటో ఎవరిదని కాదు, రోజూ కోర్టులో నిలబడేది ఎవరో అడగండి. ఒక గంట కూర్చుని చూడండి. అందరికీ ఒకే మాట అరుస్తున్నాడా, ఒక్కొక్కరికీ ఒక్కోలా చెబుతున్నాడా? పోయినేడాది చేరిన పిల్లల్లో ఎంతమంది ఇంకా వస్తున్నారు? స్టేట్ లెవెల్ దగ్గరే ఆగిపోయి, ఇప్పుడు గవర్నమెంట్ స్కూల్లో పీఈటీగా ఉన్న సర్ ఒకాయన మీ ఊళ్లోనే ఉండొచ్చు. ఎన్ని మ్యాచ్‌లు ఆడారని ఆయన్ని అడగకండి. ఆయన దగ్గర నేర్చుకున్న పిల్లలు ఇప్పుడు ఎక్కడ ఆడుతున్నారో కనుక్కోండి.