వ్యంగ్యచిత్రాలలో కాఫీ, మన బల్లమీద చాయ్

తెలుగు వారపత్రికల పాత సంచికలను తిరగవేసిన వారికి ఒక బొమ్మ తప్పక పరిచితమై ఉంటుంది. పడక కుర్చీలో ఒక గృహస్థు. ఆయన ముఖాన్ని పూర్తిగా కప్పివేసిన దినపత్రిక. ప్రక్కన కాఫీ గ్లాసుతో నిలబడిన ఇల్లాలు. గ్లాసుపై మూడు వంకర గీతలు. అవి ఆవిరి అని ఎవరూ చెప్పనక్కరలేదు. క్రింద ఒకే వాక్యం: కాఫీ పలుచబడినదనో, పొరుగింటివారు కాఫీ పొడి బదులడిగారనో, వచ్చిన చుట్టం రెండవ గ్లాసు పుచ్చుకొని గాని కదలడనో. మనం నవ్వుతాము. నేనూ నవ్వాను. కాని శ్రీరాంపూర్‌లో పుట్టి పెరిగిన నాకు, ఆ నవ్వు ముగిసిన తరువాత ఒక సందేహం కలిగేది. ఈ ఇల్లు ఎవరిది?

ఆ ఇల్లు చాలావరకు మద్రాసుది. తొలి తెలుగు వ్యంగ్యచిత్రకారుడుగా పేరుపొందిన తలిశెట్టి రామారావు బొమ్మలు వెలువడిన ‘భారతి’ మద్రాసు పత్రిక. బాపు 1955లో వ్యంగ్యచిత్రకారుడుగా చేరిన ‘ఆంధ్ర పత్రిక’ కూడ ఆనాడు అక్కడినుండే వెలువడేది. అధ్యాపకవృత్తిలో ఉంటూనే వేలకొలది నవ్వులు గీసిన జయదేవ్ సైతం అక్కడి కళాశాలలోనే జంతుశాస్త్రం బోధించారు. అచ్చుయంత్రం ఏ ఊరిలో ఉంటే ఆ ఊరి పానీయమే బొమ్మలోనికి ఒలుకుతుంది. ఇందులో చిత్రకారుల దోషమేమీ లేదు. రెండంగుళాల చతురస్రంలో కథ చెప్పవలసినవాడు పాఠకుడు రెప్పపాటులో గుర్తుపట్టే వస్తువునే ఎన్నుకొంటాడు. గ్లాసు, గిన్నె, ఆవిరి అనగానే ఉదయమూ, సంసారమూ, నెలాఖరు జీతమూ కళ్ళముందు నిలుస్తాయి. అయితే ఆ గుర్తుపట్టే పాఠకుడు వరండా గల ఇంటివాడు.

ఒక చమత్కారం కూడ ఇక్కడ చెప్పవలె. మడికట్టుకొన్న ఇంటి గుర్తుగా మన బొమ్మలలో స్థిరపడిన ఈ కాఫీని, హజ్ యాత్రనుండి తిరిగివస్తూ యెమెన్ దేశపు మోఖా రేవునుండి ఏడు గింజలుగా దాచి చిక్కమగళూరు కొండలకు తెచ్చినవాడు బాబా బుడన్ అనే సూఫీ ఫకీరని ఐతిహ్యం. ఈ సంగతిపై ఎవరైనా బొమ్మ వేసి ఉంటే నేను చూడలేదు.

ఇక మన చాయ్ మాట. టీ వ్యాపారులు మొదటి ప్రపంచయుద్ధ కాలంనుండి ఈ దేశపు కర్మాగారాలలో, నూలుమిల్లులలో, బొగ్గుగనులలో టీ దుకాణాలను పెట్టించి శ్రామికులకు ఆ రుచి అలవాటు చేశారు. కాఫీకి వరండా ఎట్టిదో చాయ్‌కి గని అట్టిది. అయినను గని ఎదుటి బల్ల మన వ్యంగ్యచిత్రాలలో ఎంత అరుదుగా కనిపిస్తుంది!

ఆ బల్లను ఒక్కసారి పరికించండి. రాత్రి షిఫ్టు ముగిసింది. బాయి నుండి పైకి వచ్చినవాడు ముఖం కడుగుకొన్నాడు, కాని కనురెప్పల అంచున బొగ్గు కాటుకవలె మిగిలిపోయింది. కప్పులోని చాయ్‌ని సాసరులోనికి వంచి ఊదుతున్నాడు. అతని ప్రక్కన మొదటి షిఫ్టుకు పోవలసినవాడు కూర్చున్నాడు. ఒకరికి అది దినాంతము, మరొకరికి దినారంభము. చాయ్ మాత్రం ఒక్కటే, దానిని కూడ ‘వన్ బై టూ’ చేయించారు. ఉన్న ఒక్క దినపత్రిక నాలుగు ముక్కలై నలుగురి చేతులలో ఉంది. మొదటి పుటలో ఆరంభమైన వార్త మిగిలిన భాగం ఎదుటివాని మోకాలి క్రింద ఉన్నది. ఎవరికీ పూర్తి వార్త తెలియదు, అందువల్లనే నలుగురికీ నాలుగు దృఢమైన అభిప్రాయాలున్నాయి. “దో చాయ్, ఒకటి శక్కర్ తక్కువ” అన్న కేకలో రెండు భాషలున్నాయని అక్కడ ఎవరికీ తోచదు. సింగరేణిలో గుర్తింపు సంఘం ఎన్నికలు 1998లో మొదలైన తరువాత ఈ బల్లకు మరింత కళ వచ్చింది. ప్రతి సంఘంవారూ చాయ్ పోయిస్తారు, ప్రతివాడూ అందరి చాయ్ త్రాగుతాడు, ఓటు ఎవరికో చెప్పడు. అన్ని సంఘాల క్షేమాన్నీ నిష్పక్షపాతంగా కోరేవాడు హోటలు యజమాని ఒక్కడే. ఇంతటి సామగ్రి ఎదుట ఉండగా, మనం ఎన్నడూ కూర్చోని పడక కుర్చీని చూసి ఎన్నాళ్ళు నవ్వుదుము?

అయితే ఆ బల్లమీద స్త్రీ లేదన్న మాటను దాచరాదు. కాఫీ బొమ్మలో ఇల్లాలు కనీసం నిలబడి ఉన్నది, ఆమెపై విసరిన హాస్యం ఎంత చవకదైనను. రాగతి పండరి వంటి స్త్రీ చేతికి ఆ కలం అందేవరకు ఆ గ్లాసు పట్టుకొన్న వ్యక్తి ఏమనుకొంటున్నదో మనకు సూటిగా తెలియలేదు. మన క్వార్టర్లలో భర్త రాత్రి షిఫ్టు, కొడుకు మొదటి షిఫ్టు అయిన ఇంటి తల్లి పొయ్యిమీద చాయ్ గిన్నె ఎన్నిసార్లు ఎక్కుతుందో లెక్కించినవారు లేరు. ఆ ఇంటినుండి వచ్చి మన తరగతులలో కూర్చున్న అమ్మాయి వేయగల బొమ్మను నేను ఊహించజాలను. ఊహించజాలను గనుకనే చూడగోరుతున్నాను.

హాస్యానికి మన రెండు భాషలలోనూ పునాది ఉన్నది. అహ్మద్‌నగర్ కోటలో నిర్బంధంలో ఉండి మౌలానా అబుల్ కలాం ఆజాద్ వ్రాసిన ‘గుబారె ఖాతిర్’ లేఖలలో చాయ్ ప్రసంగం కలదు. పాలూ చక్కెరా దట్టించిన మన చాయ్‌ని ఆయన అందులో ఎగతాళి చేశారు. మౌలానా అభిప్రాయం శిరోధార్యమే గాని, బాయి దిగి వచ్చినవాడు ఈ ఒక్క విషయంలో ఆయనతో ఏకీభవించడు! హైదరాబాదులో 1968లో ఆరంభమైన ‘షుగూఫా’ పత్రిక ఉర్దూ హాస్యానికి ఒక ఇల్లు కట్టింది. ముజ్తబా హుసేన్ వంటి రచయిత ముందు తనను చూసి తాను నవ్వుకొనేవాడు. బొగ్గు అంటిన ముఖాన్ని చూసి వరండాలోనివాడు నవ్వితే అది వెక్కిరింత. ఆ ముఖంవాడే అద్దంలో చూసి నవ్వితే హాస్యం. అందుచేతనే ఈ బొమ్మలు వేయవలసినవారు మీరే, విద్యార్థి మిత్రులారా.

కళాశాల కమిటీవారికి నా విన్నపం చిన్నది. మన వార్షిక సంచిక తెలుగున ఎడమనుండి, ఉర్దూలో కుడినుండి తెరచుకొని మధ్యలో కలుస్తుంది. ఆ కలిసే రెండు పుటలను ఇప్పుడు సామూహిక ఛాయాచిత్రాలకు కేటాయిస్తున్నాము. వానిని చివరకు జరిపి, ఆ రెండు పుటలను మాటలు లేని వ్యంగ్యచిత్రాలకు ఇవ్వండి. ఏ లిపివారైనను ఏ వైపునుండి వచ్చినవారైనను చదువగలిగేవి అవే. బొమ్మలు సేకరించే శ్రమ నేను తీసుకొంటాను. చాయ్ ఖర్చు మాత్రం కమిటీవారిది.