పందిట్లో పూలు... పర్సులో ముళ్లు!

సినిమా పెళ్లికీ మన పెళ్లికీ తేడా ఏమిటో చెప్పుకోండి చూద్దాం! సినిమాలో సరిగ్గా తాళి కట్టే వేళకి ఎవరో ఒకరు గుమ్మంలో నిలబడి "ఆపండి!" అని అరుస్తారు. మన పెళ్లిలో ఆ మాట అరవాల్సినవాడు ఆడపిల్ల తండ్రి. పెళ్లి ఆపమని కాదు లెండి, ఖర్చు ఆపమని! కానీ పాపం ఆయన అరవడు. అడ్వాన్సు ఇచ్చేస్తాడు.

ఈ వారం కబురు అల్లవరం నుంచి. అమలాపురం దాటి సముద్రం వైపు వెళ్తే కొబ్బరితోటల మధ్య ఉంటుందా ఊరు. మా బాబాయిది అక్కడే. మొన్న వైశాఖంలో వాళ్లమ్మాయి పెళ్లి. టౌను నుంచి వచ్చిన డెకరేషనాయన పందిరంతా కలయజూసి, గాలిలో చెయ్యి ఒకసారి తిప్పి, "పూలకి 60,000 అవుద్దండి. ప్యాకేజీ!" అన్నాడు. ఆయన వెళ్లాక బాబాయి అరుగు మీద కూలబడి, "ఒరే అబ్బాయ్, రెండు దింపుల డబ్బురా ఇది. నాలుగు నెలలు చెట్టు కాసింది ఒక్క రాత్రిలో వాడిపోద్ది" అన్నాడు. ఆ మాటకి నా గుండె కలుక్కుమంది.

చెల్లాయికి ఈ సంగతి తెలియదు. అది సెల్‌ఫోన్లో ఓ సినిమా తార పెళ్లి ఫోటో పట్టుకుని కూర్చుంది. వెనకాల గోడంత ఎత్తున తెల్లని ఆర్కిడ్లు. "జీవితంలో ఒక్కసారి కదన్నయ్యా!" అంది. ఈ డైలాగుకి ఎదురు డైలాగు రాయగల రచయిత మన పరిశ్రమలో ఇంకా పుట్టలేదు. అందుకని నేను రాయబోలేదు. నేను చూసిన షూటింగుల సంగతి చెప్పాను.

సెట్టులో కల్యాణమండపం వేస్తే పూలన్నీ కెమెరా వైపే ఉంటాయి. వెనక్కి వెళ్లి చూస్తే ప్లైవుడ్డూ, మేకులూను. క్లోజప్పు పడేచోట, అంటే హీరోయిన్ జడలో, మెడలో దండలో, అసలు పూలు. దూరంగా మసకగా కనిపించేవి బట్ట పూలు, కాగితం పూలు. ఆ పూల ఖర్చు నిర్మాతది. ఆయనకి రిలీజుంది, కలెక్షన్లున్నాయి. ఆడపిల్ల తండ్రికి మొదటాటే ఆఖరాట!

చెల్లాయి కాసేపు మాట్లాడలేదు. కళ్లు తుడుచుకుంది కూడాను. తర్వాత పెన్సిలు తీసుకుని, "అయితే మన కెమెరా ఎక్కడెక్కడ పడుద్ది?" అంది. సెబాసు! డైరెక్టరైపోయిందన్నమాట. మూడు చోట్లు తేలాయి. పీటల వెనక భాగం, వీధి గుమ్మం, పెళ్లికూతురు పూలజడా దండలూ. మిగతా పందిరి బాధ్యత కోనసీమకి అప్పజెప్పాం.

కోనసీమకేం తక్కువండీ! కొబ్బరి మొవ్వు చీల్చి అల్లితే తోరణం. గెలతో ఉన్న అరటి బోదెలు అటొకటీ ఇటొకటీ నిలబెడితే ద్వారం. మామిడాకులు, పోకగెలలు, కొబ్బరిగెలలు సరేసరి. 1975లో వచ్చిన బాపు-రమణల 'ముత్యాల ముగ్గు' గుర్తుందా? సహజమైన వెలుతురుతో తీసిన ఆ సినిమాకి ఇషాన్ ఆర్య జాతీయ ఛాయాగ్రహణ అవార్డు అందుకున్నాడు. మన గోదావరి అందానికి పైపూతలు అక్కర్లేదని అప్పుడే తేలిపోయింది.

ఇక పూల సంగతి. ఆర్కిడ్లు చాలామటుకు థాయిలాండ్ నుంచి విమానమెక్కి వస్తాయి. కార్నేషన్లు, జర్బెరాలు బెంగుళూరు, హోసూరు వైపు చల్లని చోట పెరిగినవి. వైశాఖమాసపు ఉక్కలో అల్లవరం వస్తే అవి పెళ్లికొడుకు కంటే ముందు సొమ్మసిల్లుతాయి. మన ఎండని తట్టుకునేది మన బంతి, మన కనకాంబరం. వేసవి మల్లెలకాలం, అంచేత మల్లె చవక. చామంతి చలికాలపు పువ్వు, ఎండల్లో ధర పలుకుతుంది. కనకాంబరానికి వాసన లేకపోయినా త్వరగా వాడదు. కానీ తూకానికి తేలిక, ధరకి బరువు! జడకి మాత్రమే వాడాం.

తెల్లవారుజామున వ్యాను కట్టించుకుని అమలాపురం, రావులపాలెం మీదుగా గౌతమి వంతెన దాటి కడియపులంక వెళ్లాం. పదహారో నంబరు జాతీయ రహదారి పక్కనే పూల మార్కెట్టు. కడియం నర్సరీలు తెలియనివారెవరు? పక్కనే ఈ పూల సంత కూడా అంత పేరున్నదే. మూరలెక్కన కొంటే అమ్మేవాడి చెయ్యి ఎప్పుడూ పొట్టిదే. కిలోలెక్కన విడిపూలు కొనండి. ముహూర్తాలు గుప్పున పడ్డరోజున, పండగ ముందురోజున ధర నిచ్చెన ఎక్కుతుంది. బంతి రెండ్రోజులు ఆగుతుంది గనక అది ముందుగానే తెచ్చేసుకోవచ్చు. మల్లె ఆగదు. దాన్ని ఆ పొద్దుటే, మొగ్గగానే కొనాలి. సాయంత్రానికి విచ్చుకుంటుంది.

ఇక్కడ నా తెలివితక్కువ కూడా చెప్పుకోవాలి. ఓ రెండు కిలోల మల్లెమొగ్గలు తడితడిగానే ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టాను. ఇంటికొచ్చి విప్పేసరికి ఉడికి గోధుమరంగు తేలాయి. పిన్ని ఒక్క మాట అనలేదు. అరిటాకులో చుట్టి, తడి గోనె కప్పి తెచ్చిన మిగతా పూలని తీసి చూపించింది. అవి నవ్వుతున్నాయి. నన్ను చూసేనేమో!

మా ముహూర్తం రాత్రి ఒంటిగంట దాటాక. ప్యాకేజీవాళ్లు మధ్యాహ్నమే అలంకరించి వెళ్లిపోతారు. తాళి కట్టేవేళకి పూలు తల వాల్చేస్తాయి. మేం పీటల వెనక భాగం పొద్దుగూకాక కట్టించాం. పీటల మీద కూర్చున్నప్పుడు మల్లెలు పూర్తిగా విచ్చుకున్నాయి. ఆ గుబాళింపు ఏ ఫోటోలోనూ పడదు. కానీ వచ్చినవాళ్లకి అదే గుర్తుండిపోయింది.

ఒక్క చోట మాత్రం పీనాసితనం చెయ్యొద్దు. ఊళ్లో పూలు గుచ్చే అమ్మలు ఆరుగురు అరటినారతో సాయంత్రం దాకా కట్టారు. "మన ఊరివాళ్లేగా" అని ఎవరో బేరానికి దిగబోతే పిన్ని ఒప్పుకోలేదు. వాళ్లడిగిన కూలీ అడిగినట్టు ఇచ్చాం. పొదుపంటే పక్కవాళ్ల కడుపు కొట్టడం కాదు కదా!

పూలూ, వ్యానూ, కూలీ అన్నీ కలిపి 17,000 అయింది. మిగిలిన 43,000 బాబాయి చెల్లాయి పేరున బ్యాంకులో వేశాడు. అప్పగింతలప్పుడు ఆ పుస్తకం దాని చేతిలో పెడుతుంటే, అంతసేపూ గట్టిగా నిలబడ్డ మనిషి కాస్తా కరిగిపోయాడు. ఆ సీనుకి ఒక్క పువ్వూ అక్కర్లేకపోయింది.

త్వరలో పప్పన్నం పెట్టబోయే కుర్రాళ్లూ, అమ్మాయిలూ! తారల పెళ్లి ఫోటో చూసుకోండి, ముచ్చటపడండి, తప్పులేదు. ఆ తర్వాత పెన్సిలు తీసుకుని మీ కెమెరా ఎక్కడ పడుతుందో గీసుకోండి. అక్కడే పూలు పెట్టండి. మిగతాది మీ నాన్నగారి ముఖంలో పూయనివ్వండి.

ఉంటా మరి! వచ్చేవారం కలుద్దాం.